సీటు దొరికితే సగం పని – పట్టా చేతికొస్తేనే పూర్తి

(పెరియపాళయంలో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీ చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను విద్యావేత్తను కాను. ఒక చిన్న ప్రైవేటు కాలేజీ ఆఫీసులో 22 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. దరఖాస్తులు తీసుకోవడం, ఫీజు రసీదులు రాయడం, హాలు టిక్కెట్లు పంచడం, చివర్లో సర్టిఫికెట్లు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. కౌంటరుకు అటువైపు తల్లిదండ్రులు నిలబడేవారు, ఇటువైపు నేను కూర్చునేవాణ్ణి. ఇటువైపు నుంచి నాకు కనిపించిన సంగతులే మీకు చెబుతాను.

ఆ ఆఫీసులో రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి చేరినవాళ్లది, రెండోది పట్టా తీసుకున్నవాళ్లది. మొదటి రిజిస్టరులో ఉన్న పేర్లన్నీ రెండోదానిలోకి ఎప్పుడూ రాలేదు. మధ్యలో జారిపోయిన పిల్లల్లో చదువు రానివాళ్లు కొందరే. ఎక్కువమంది ఇంటి లెక్క తప్పినవాళ్లు. మొదటి ఏడు అప్పో సప్పో చేసి కట్టారు, రెండో ఏడు ఆలస్యంగా కట్టారు, మూడో ఏడు కట్టలేకపోయారు. అలా రెండున్నరేళ్లు ఖర్చుపెట్టిన కుటుంబం చేతిలో చివరికి ప్లస్ టూ సర్టిఫికెట్టే మిగిలింది. అసలు చేరనివాడికంటే సగంలో ఆగినవాడే ఎక్కువ నష్టపోతాడు. కాబట్టి చేరే రోజునే చివరి రోజు దాకా లెక్క వేసుకోవాలన్నదే నేను చెప్పదలచిన మాట.

పట్టా ఇచ్చేది ఎవరు?

పట్టా అనగానే మన ఊళ్లలో ముందు భూమి పట్టా గుర్తుకొస్తుంది. పది సెంట్ల స్థలం కొనాలన్నా పట్టా ఎవరి పేరున ఉంది, సర్వే నంబరు ఎంత, విల్లంగం ఏమైనా ఉందా అని పదిసార్లు చూస్తాం. పిల్లవాడి పట్టా విషయంలో మాత్రం కాలేజీ గేటు, బస్సు, కరపత్రం మీది ఫోటోలు చూసి డబ్బు కట్టేస్తాం.

చిన్న కాలేజీ తనంతట తాను డిగ్రీ ఇవ్వలేదు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షను ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. మన తిరువళ్ళూరు జిల్లాలోని ఆర్ట్స్, సైన్స్ కాలేజీలు 1857లో ఏర్పడిన మద్రాసు యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. ఇంజనీరింగ్ కాలేజీలకు అన్నా యూనివర్సిటీ అనుబంధం ఉండాలి, ఏఐసీటీఈ అనుమతి ఉండాలి. పేరు చూసి కొందరు తిరువళ్ళువర్ యూనివర్సిటీ మన జిల్లాదే అనుకుంటారు. అది వేలూరు వైపుది.

అనుబంధం కాలేజీ మొత్తానికి ఒకేసారి రాదు, కోర్సుకోర్సుకూ వస్తుంది. బి.కాం.కు అనుబంధం ఉన్న కాలేజీలో కొత్తగా పెట్టిన కోర్సుకు ఇంకా రాకపోవచ్చు. అందుచేత 'ఈ కాలేజీకి అఫిలియేషన్ ఉందా' అని అడిగితే చాలదు. 'మా అమ్మాయి చేరే ఈ కోర్సుకు, ఈ సంవత్సరానికి ఉందా, ఆ ఉత్తర్వు చూపించండి' అని అడగండి. అడిగినందుకు ఎవరూ కోపగించుకోరు. కోపగించుకుంటే మీకు సమాధానం దొరికినట్టే. ప్రతి ఏటా యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా ప్రకటిస్తుంది. అది కూడా ఒకసారి చూడండి.

మన పిల్లల విషయంలో ఇంకో ప్రశ్న ఉంది. మద్రాసు యూనివర్సిటీ డిగ్రీలో మొదటి భాగం కింద ఒక భాష చదవాలి. అందులో తెలుగు తీసుకునే వీలుంది. అయితే చిన్న కాలేజీలో తెలుగు చెప్పే అధ్యాపకుడు ఉండకపోవచ్చు. ఆ మాట చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ జాగ్రత్త దూరదేశం వెళ్లేవాళ్లకు మరీ అవసరం. 2011 జనవరిలో అమెరికా కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనే చిన్న ప్రైవేటు సంస్థను అక్కడి అధికారులు మూయించారు. వెయ్యిమందికి పైగా చేరిన ఆ సంస్థలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్ ఊరిలో ఒకే అపార్టుమెంటులో నివసిస్తున్నట్టు రికార్డులో రాశారు. కొందరు పిల్లల కాలికి నిఘా పరికరాలు తగిలించిన సంగతి అప్పటి పత్రికల్లో చదివే ఉంటారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. పిల్లలు కట్టిన డబ్బు, పోయిన కాలం మాత్రం తిరిగి రాలేదు. ఆ కన్నవాళ్లలో పొలం అమ్మినవాళ్లూ ఉంటారు. ఊరు ఏదైనా, దేశం ఏదైనా, మొదటి ప్రశ్న ఒకటే: ఈ పట్టా ఇచ్చే అధికారం ఎవరిది?

ఫీజు ఎంత అన్నది సగం ప్రశ్న

'సంవత్సరానికి ఫీజు ఎంతండీ' అని కౌంటరు దగ్గర అందరూ అడుగుతారు. 'మూడేళ్లు పూర్తయ్యేసరికి మొత్తం ఎంతవుతుంది' అని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ కాలేజీ లెక్కా కాదు, లెక్క వేసే పద్ధతి కోసం చెబుతున్నాను. ట్యూషన్ ఫీజు ఏడాదికి 25,000 రూపాయలని కరపత్రంలో ఉందనుకోండి. మూడేళ్లకు 75,000 అని ఇంట్లో అనుకుంటాం. దానికి కాలేజీ బస్సు 18,000, రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజు 4,000, పుస్తకాలు, యూనిఫారం, రికార్డు నోట్లు, ల్యాబు, అసోసియేషను వగైరా 5,000 కలపండి. ఏడాదికి 52,000 అయింది. మూడేళ్లకు 1,56,000. మనం అనుకున్నదానికి రెట్టింపు దాటింది. ఏ పేపరైనా అరియర్ పడితే మళ్లీ కట్టే పరీక్ష ఫీజు వేరు. చివర్లో ప్రొవిజనల్ సర్టిఫికెట్టుకు, స్నాతకోత్సవానికి కట్టేది వేరు.

అందుకని దరఖాస్తు కొనేటప్పుడే ఒక కాగితం మీద అన్ని ఖర్చులూ సంవత్సరాల వారీగా రాయించుకోండి. రెండో ఏడు, మూడో ఏడు ఫీజు పెంచుతారా, పెంచితే ఎంత అని అడిగి అదే కాగితంలో రాయండి. ఆ కాగితం ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టుకున్నా తప్పులేదు. మూడేళ్లూ అది మీకు కావాలి.

ప్రైవేటు కాలేజీకి వెళ్లేముందు ప్రభుత్వ కాలేజీ వైపు ఒకసారి చూడండి. మన జిల్లాలో పొన్నేరిలో లోకనాథ నారాయణస్వామి ప్రభుత్వ కాలేజీ ఉంది, తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు. ఎయిడెడ్ కాలేజీలు ఇంకో రకం. వాటిలో ప్రభుత్వ సహాయం పొందే కోర్సులకు ఫీజు తక్కువ. పట్టాభిరాంలో 1969 నుంచి నడుస్తున్న కలవల కన్నన్ చెట్టి హిందూ కాలేజీ అటువంటిదే. ఆ ధర్మదాత ఇంటిపేరు మన చెవికి కొత్తది కాదు. ఒక వర్తకుడు రాసిపెట్టిన ధర్మం తరతరాల పిల్లలను చదివిస్తోంది. అయితే ఎయిడెడ్ కాలేజీల్లో కూడా చాలాచోట్ల సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు నడుస్తాయి. ఆవరణ ఒకటే అయినా ఫీజు వేరు. మీకు దొరికిన సీటు ఏ రకందో అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వ కాలేజీల దరఖాస్తులు ముందే వస్తాయి, ముందే ముగుస్తాయి. ఫలితాలు వచ్చాక నెమ్మదిగా వెళ్దామనుకుంటే మిగిలేది ప్రైవేటు కాలేజీయే. నా కౌంటరుకు వచ్చినవాళ్లలో ఎంతోమంది అలా తేదీ దాటిపోయి వచ్చినవాళ్లే.

కౌన్సెలింగులో వెళ్తే మిగిలేది

ఇంజనీరింగు సంగతికి వస్తాను. తమిళనాడులో ప్రవేశ పరీక్ష 2007 నుంచి లేదు. ప్లస్ టూ మార్కుల మీదే కౌన్సెలింగు జరుగుతుంది. 2017లో ఫీజు నిర్ణయ కమిటీ ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలకు కౌన్సెలింగు సీటు ఫీజు ఏడాదికి 50,000 గాను, మేనేజిమెంటు సీటు ఫీజు 85,000 గాను నిర్ణయించింది. ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సులకు 55,000, 87,000. మొదటి రకం లెక్కలో తేడా ఏడాదికి 35,000, నాలుగేళ్లకు 1,40,000. క్లాసు ఒకటే, బెంచీ ఒకటే, పట్టా ఒకటే.

అంతటితో అయిపోలేదు. ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవారు ఎవరూ లేకపోతే తొలి పట్టభద్రుల రాయితీ ఉంది. 2010 నుంచి అమలులోకి వచ్చింది. అది కౌన్సెలింగులో చేరినవాళ్లకే వస్తుంది. తాసిల్దారు ఇచ్చే సర్టిఫికెట్ ముందుగా తీసిపెట్టుకోవాలి. ఇంట్లో ఒక్కరికే వర్తిస్తుంది, అక్క వాడుకుంటే తమ్ముడికి రాదు. అందుచేత ఎవరి కోర్సుకు ఎక్కువ అవసరమో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

'ఈరోజు కట్టకపోతే సీటు పోతుంది' అని ఏజెంట్లు ఫోను చేస్తారు. ఒక మాట గుర్తుంచుకోండి. ఒకప్పుడు అన్నా యూనివర్సిటీ కింద ఇంజనీరింగు కాలేజీలు 500 దాటాయి. తర్వాత పిల్లలు చేరక ఎన్నో మూతపడ్డాయి. ఖాళీలున్న కాలేజీలో సీటు ఒక్క రాత్రిలో మాయం కాదు. మిమ్మల్ని తొందరపెట్టేది సీటు కాదు, ఏజెంటు కమీషను. పైగా క్యాపిటేషన్ ఫీజు తీసుకోవడం తమిళనాడులో 1992 చట్టం ప్రకారం నిషేధం. రసీదు ఇవ్వని డబ్బు ఎవరికీ ఇవ్వకండి.

సరిహద్దు ఊళ్లవాళ్లం కాబట్టి

మనది సరిహద్దు ప్రాంతం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు కలిసింది, సత్యవేడు అటు వెళ్లింది. గీత మారింది గాని బంధుత్వాలు మారలేదు. ఊత్తుకోట దాటితే అక్కచెల్లెళ్ల ఇళ్లే. అందుకని పదో తరగతి కాగానే పిల్లలను ఇంటరుకు తిరుపతికో నెల్లూరుకో పంపడం మనలో అలవాటు. పంపకూడదని నేననను. ఏమి వదులుకుంటున్నామో తెలిసి పంపాలంటాను.

తమిళనాడు ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివిన పిల్లలకు వృత్తివిద్యా కోర్సుల్లో 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది. వైద్యానికి 2020లో, ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయశాస్త్రం మొదలైనవాటికి 2021లో వచ్చింది. ఆ కోటాలో ఇంజనీరింగు చేరినవాళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని 2021లో ప్రకటించారు. ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకు కాలేజీ చదువుకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో, మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పథకం 2024లో మొదలయ్యాయి. వీటన్నిటికీ 6 నుంచి 12 వరకు ఇక్కడి బడిలో చదవడమే అర్హత. చివరి రెండేళ్లు సరిహద్దు దాటితే గొలుసు తెగిపోతుంది.

ఆరు నుంచి పది దాకా ఊరి ప్రభుత్వ బడిలో చక్కగా చదివిన అమ్మాయిని ఎవరో చెప్పారని రెండేళ్లు అవతల చేర్చి, తిరిగొచ్చాక 'మాకు ఆ కోటా రాదా అండీ' అని అడిగిన తల్లిదండ్రులున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచేది కాదు. ఇంటరుకు అక్కడ కట్టిన ఫీజు ఒక నష్టం, ఇక్కడ పోగొట్టుకున్న హక్కు రెండో నష్టం.

అవతల చదివి వచ్చిన పిల్లలు ఇక్కడి కౌన్సెలింగుకు నేటివిటీ సర్టిఫికెట్ పెట్టాలి. కులం సర్టిఫికెట్ కూడా తమిళనాడు అధికారులు ఇచ్చినదే ఇక్కడి రిజర్వేషనుకు పనికొస్తుంది. అక్కడ వెనుకబడిన జాబితాలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో ఉండకపోవచ్చు, ఇక్కడ ఉన్నది అక్కడ లేకపోవచ్చు. మే నెలలో ఈ కాగితాల కోసం తాలూకా ఆఫీసు కిటకిటలాడుతుంది. జనవరి, ఫిబ్రవరుల్లోనే తీసిపెట్టుకోండి.

మనసు మారితే, అప్పు కావాలంటే

ఒక కాలేజీలో కట్టాక మంచి కాలేజీలో సీటు వస్తుంది. కట్టిన డబ్బు పోతుందేమో అని చాలామంది అక్కడే ఉండిపోతారు. యూజీసీ 2018లో స్పష్టమైన నియమం పెట్టింది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకుముందు మానుకుంటే ఫీజు మొత్తం తిరిగివ్వాలి, ఖర్చుల కింద 5 శాతానికి మించకుండా, అదీ 5,000 దాటకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపల అయితే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం. 30 రోజుల వరకు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. మధ్యలో కొన్ని సంవత్సరాలకు యూజీసీ ఇంకా అనుకూలమైన ప్రత్యేక తేదీలు ప్రకటించింది. కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకోండి. మానుకుంటున్నట్టు నోటితో చెప్పకండి. కాగితం మీద రాసి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. తేదీయే మీ డబ్బు.

ఇంకో సంగతి. ఒరిజినల్ మార్కుల జాబితాలు, టీసీ చూసి సరిపోల్చుకుని వెంటనే తిరిగివ్వాలని అదే నియమంలో ఉంది. ఫీజు బాకీకి పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు.

బ్యాంకు అప్పు గురించి ఒక్క మాట. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు వృత్తి, సాంకేతిక కోర్సుల విద్యా రుణం మీద, చదువుకునే కాలానికి, ఆ తర్వాత ఒక ఏడాదికి వడ్డీని కేంద్రం భరించే పథకం 2009లో వచ్చింది. 2018 నుంచి న్యాక్ గుర్తింపు ఉన్న సంస్థ గాని, ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సు గాని కావాలన్న షరతు పెట్టారు. చిన్న కాలేజీల్లో చాలావాటికి ఆ గుర్తింపు ఉండదు. న్యాక్ గ్రేడు అంటే గేటు మీద రాసుకునే అలంకారం అనుకోకండి. మీరు కట్టబోయే వడ్డీకి దానితో సంబంధం ఉంది.

ఆఖరి సంవత్సరం

ఇప్పుడు ధర్మకర్తలకు ఒక మనవి.

నేను పనిచేసిన చోట ఒకమ్మాయి ఉండేది. తండ్రి ఇటుక బట్టీలో పనిచేసేవాడు. మొదటి నాలుగు సెమిస్టర్లలో ఒక్క అరియర్ కూడా లేదు. ఐదో సెమిస్టరులో తండ్రికి జబ్బు చేసింది. ఫీజు బాకీ పడింది. రెండు వారాలు రాలేదు, తర్వాత నెల రాలేదు. హాజరు తగ్గింది, పరీక్ష రాయలేదు. మొదటి ఏడు ఆమెకు రెండు చోట్ల నుంచి సహాయం వచ్చింది, శాలువా కప్పి ఫోటో కూడా తీశారు. మూడో ఏడు ఎవరూ అడగలేదు. ఆ రోజు కావలసిన మొత్తం, మొదటి ఏడు అందిన సహాయంలో సగం కూడా ఉండదు.

మనవంటి సంస్థలన్నీ కొత్తగా చేరే పిల్లలకే ఎక్కువగా ఇస్తాయి. మార్కులు తాజాగా ఉంటాయి, పత్రికలో వార్త వస్తుంది. అది మంచిదే. అయినా ఇచ్చే మొత్తాన్ని ఒకే ఏడు ఇవ్వకుండా మూడు భాగాలు చేసి, ప్రతి ఏడూ మార్కుల జాబితా, హాజరు చూసి ఇవ్వమని కోరుతున్నాను. దానితోపాటు ఆఖరి ఏడాది పరీక్ష ఫీజుకు, అరియర్ ఫీజుకు, సర్టిఫికెట్ల ఖర్చుకు చిన్న నిధి ఒకటి వేరుగా ఉంచండి. దరఖాస్తు ఒక పేజీ చాలు, నిర్ణయం వారంలో కావాలి. హాలు టిక్కెట్టుకు చివరి తేదీ ఉంటుంది, మన కమిటీ సమావేశం కోసం అది ఆగదు.

పిల్లలకు చెప్పేది ఇదే. ఇబ్బంది వచ్చిన నెలలోనే చెప్పండి. ఫీజు కట్టలేదని సిగ్గుపడి క్లాసు మానేస్తే బాకీ తీరదు, హాజరు కూడా పోతుంది. డబ్బు తర్వాతైనా కట్టవచ్చు, పోయిన హాజరు తిరిగి రాదు. ప్రిన్సిపాలుగారికి ఉత్తరం రాసి వాయిదా అడగండి. ట్రస్టు ఆఫీసుకు కబురు చేయండి. ఇక్కడ కూర్చున్న పెద్దలు మీ మేనమామల వంటివాళ్లు. అడగడానికి మొహమాటం వద్దు.

తల్లిదండ్రులారా, ఈరోజు మీ పిల్లలు అందుకునే చెక్కు పెద్దది కాదు. దానితో ఒక పరీక్ష ఫీజు గడుస్తుంది, లేదా కొన్ని పుస్తకాలొస్తాయి. ఇంటికి వెళ్లాక ఆ డబ్బు దేనికో నిర్ణయించేముందు, నేను చెప్పిన ఆ కాగితం తీసి మూడేళ్ల లెక్క ఒకసారి రాయండి. ఎక్కడ తక్కువ పడుతుందో ఇప్పుడే తెలిస్తే దారి వెతకడానికి వ్యవధి ఉంటుంది.

ఈ పిల్లలందరూ పట్టా పుచ్చుకుని ఇదే సభకు రావాలని భవానీ అమ్మవారిని ప్రార్థిస్తున్నాను.